చర్చి ఒడిలో పెరిగిన రాజ్యం

హద్దులు గీసిన ఒక నేలమీద బలం ప్రయోగించే న్యాయమైన హక్కు తన ఒక్కదానికే ఉందని ప్రకటించి, ఆ మాటను చెల్లుబాటు చేసుకోగల వ్యవస్థే రాజ్యం. 1919 జనవరిలో మ్యూనిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగంలో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది. ఇందులో ప్రజాక్షేమం ఊసు లేదు, నీతి ప్రస్తావన లేదు, దేవుడి పేరూ లేదు. చరిత్రలో ఏదో ఒక రాజ్యం తలకెత్తుకోని లక్ష్యమంటూ లేదు కాబట్టి, లక్ష్యాన్నిబట్టి రాజ్యాన్ని పోల్చుకోలేమనీ, చేతిలో ఉన్న సాధనాన్నిబట్టే పోల్చుకోవాలనీ వెబర్ ఉద్దేశం. దీనికి మరో లక్షణం తోడవుతుంది. ఆధునిక రాజ్యంలో అధికారం మనిషిది కాదు, పదవిది. రాజు పోయినా, మంత్రివర్గం కూలినా చట్టాలు, అప్పులు, ఒడంబడికలు నిలిచే ఉంటాయి. తహసీల్దారు బదిలీ అవుతాడు గాని శిస్తు బకాయి బదిలీ కాదు.

అయితే బలం దొంగలకూ ఉంటుంది. రాజ్యం చేతిలోని బలం న్యాయమైనదెలా అయింది? 5వ శతాబ్దపు తొలినాళ్లలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ ‘దేవుని నగరం’ రాస్తూ ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా వేశాడు. న్యాయం తీసేస్తే రాజ్యాలకూ దోపిడీ ముఠాలకూ తేడా ఏమిటని అడిగి, అలెగ్జాండర్‌కు పట్టుబడిన సముద్రపు దొంగ కథ చెప్పాడు. చిన్న ఓడతో చేస్తే దొంగతనం, పెద్ద నౌకాదళంతో చేస్తే చక్రవర్తిత్వం అని ఆ దొంగ వాదన. పదిహేను వందల ఏళ్ల తరవాత, 1985లో, అమెరికన్ చరిత్రకారుడు చార్లెస్ టిల్లీ యూరప్ రాజ్యాల పుట్టుకను వ్యవస్థీకృత నేరంతో పోల్చినప్పుడు ఆ వాదననే లెక్కలు చూపి బలపరిచాడు. సైన్యం, పన్ను, కచేరీ వీటి చరిత్ర చెబితే రాజ్యం ఎలా బలపడిందో తెలుస్తుంది. ఆ బలానికి జనం మనస్ఫూర్తిగా తల ఎందుకు వంచారో తెలియదు. ఆ సగం తెలియాలంటే మతం వైపు తిరగాలి. ఆధునిక రాజ్యం మతాన్ని వెళ్లగొట్టి పుట్టిందన్నది వాడుకలో ఉన్న కథ. ఆధారాలు మాత్రం, అది చర్చి దగ్గర పనితనం నేర్చుకుని, ఆ తరవాత చర్చి గద్దెనే ఆక్రమించిందని సూచిస్తాయి.

ఆధునిక రాజ్యానికి ముందు పరిపాలన లేదని కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం స్వామి, అమాత్య, జనపద, దుర్గ, కోశ, దండ, మిత్రాలనే సప్తాంగాలతో రాజ్యాన్ని వర్ణించింది. తిక్కన తెనుగు చేసిన శాంతిపర్వంలో రాజు పుట్టుక కథ ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయానికి భయపడిన జనం మనువును రాజుగా కోరుకుని, పంటలో, పశువుల్లో, బంగారంలో భాగమిస్తామని ఒప్పుకున్నారు. పైకి చూస్తే ఇది యూరప్‌లో ఎంతో ఆలస్యంగా వచ్చిన సామాజిక ఒప్పంద సిద్ధాంతానికి అన్నలాంటిది. కాని కీలకమైన చోట దారి వేరు. ఆ రాజు ధర్మాన్ని సృష్టించడు, కాపాడతాడు. కులాలకు, వర్తక శ్రేణులకు, గ్రామాలకు, మఠాలకు ఎవరి ఆచారం వారికుంది. రాజు వాటి మధ్య తగవు తీరుస్తాడే తప్ప, అవన్నీ తన అనుమతితోనే బతుకుతున్నాయనడు.

మధ్యయుగపు యూరప్‌దీ దాదాపు ఇదే తీరు. ఒకే మనిషి భూస్వామికి ఊడిగం చేసేవాడు, పెళ్లి వివాదమైతే బిషప్ కోర్టుకు వెళ్లేవాడు, వృత్తిపనివాడైతే సంఘం కట్టుబాటుకు లోబడేవాడు. రాజు ఎక్కడో దూరాన ఉండేవాడు. వీటిలో చివరిమాట ఎవరిదని అడిగితే ఎవరూ తడుముకోకుండా జవాబు చెప్పలేరు. ఆ ప్రశ్న గట్టిగా వేసినవాడు రాజు కాదు, పోపు.

1073లో పోప్ అయిన 7వ గ్రెగరీ కాలందాకా బిషప్‌లకు ఉంగరం, దండం ఇచ్చి పదవిలో కూర్చోబెట్టేది చాలాచోట్ల రాజులే. చక్రవర్తి కూడా అభిషిక్తుడే, ఒక రకంగా పూజారే అన్న భావం ఉండేది. గ్రెగరీ దీన్ని ఒప్పుకోలేదు. చక్రవర్తులను పదవినుంచి తొలగించే అధికారం పోప్‌కు ఉందని 1075 నాటి ఆయన సూత్రాల పట్టిక చెబుతుంది. జర్మన్ రాజు 4వ హెన్రీ ఎదురుతిరిగి పోప్‌నే పదవీభ్రష్టుడంటే, పోప్ 1076లో రాజును వెలివేసి ప్రజలను విధేయతా ప్రమాణంనుంచి విడుదల చేశాడు. సామంతులు జారిపోవడం చూసిన హెన్రీ 1077 జనవరిలో ఆల్ప్స్ దాటి, ఇటలీలోని కనోసా కోట ముందు మూడు రోజులు మంచులో పశ్చాత్తాప వేషంలో నిలబడ్డాడు. ఈ దృశ్యమే అందరికీ గుర్తుంటుంది. తరవాతి కథ అంత ప్రసిద్ధం కాదు. 1084లో హెన్రీ రోమ్‌ను పట్టుకున్నాడు, మరుసటి ఏడు గ్రెగరీ సాలెర్నోలో ప్రవాసిగా చనిపోయాడు. 1122లో వార్మ్స్ ఒప్పందంతో రాజీ కుదిరింది. ఉంగరం, దండం చర్చి ఇస్తుంది, భూములకు గుర్తుగా రాజదండం చక్రవర్తి ఇస్తాడు.

ఈ రాజీలో ఎవరు గెలిచారన్నదానికంటే, రెండు అధికారాల మధ్య గీత పడిందన్నదే ముఖ్యం. పూజారితనం పోగొట్టుకున్న రాజు, తన అధికారానికి వేరే ఆధారం వెతుక్కోవలసి వచ్చింది. లౌకికం అన్న ప్రత్యేక రంగం యూరప్‌లో ఇలా చర్చి చేతులమీదుగానే ఏర్పడింది. నాస్తికులకు అందులో ప్రమేయమే లేదు.

ఇక చర్చి తనవరకు తాను ఏమైందో చూస్తే, అమెరికన్ న్యాయ చరిత్రకారుడు హెరాల్డ్ బెర్మన్ దాన్ని తొలి ఆధునిక రాజ్యమనడంలో అతిశయోక్తి పెద్దగా కనపడదు. శిఖరాన ఒకే అధికారి, కింద అంచెలంచెలుగా పదవులు, తండ్రినుంచి కొడుక్కి సంక్రమించని ఉద్యోగాలు, అప్పీలు కోర్టులు, దూతలు, దస్తావేజులు, పన్నులు అన్నీ అక్కడున్నాయి. 1140 ప్రాంతంలో బొలోన్యాలో గ్రేషియన్ పరస్పర విరుద్ధమైన చర్చి శాసనాలను ఒక్కచోట చేర్చి సమన్వయించాడు. 1215లో లాటరన్ మహాసభ, నిప్పుతో నీటితో నిందితులను పరీక్షించే దివ్యపరీక్షల్లో పూజారులు పాల్గొనరాదని నిషేధించింది. దేవుడు తీర్పు చెప్పడం మానేశాడు కాబట్టి మనుషులే సాక్ష్యం విచారించి చెప్పుకోవలసి వచ్చింది. ఇంగ్లండ్‌లో నేర విచారణ జ్యూరీ చేతికి రావడానికి ఇది దగ్గరి కారణం. రాజుల కచేరీల్లో రాసేవాళ్లు కూడా ఎక్కువగా మతాధికారులే కాబట్టి ఆ పద్ధతులు రాజాస్థానాలకు నడిచివెళ్లాయి.

పద్ధతులతోపాటు భావాలూ వెళ్లాయి. ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్ 1957లో ప్రచురించిన ‘రాజు రెండు దేహాలు’ ఈ ప్రయాణాన్ని ఓపిగ్గా చూపించింది. క్రీస్తుకు మానవ, దైవ స్వభావాలు రెండూ ఉన్నాయన్న సిద్ధాంతం, చర్చి క్రీస్తు దేహమన్న భావన, ఇవి మెల్లగా న్యాయవాదుల చేతుల్లో రూపం మార్చుకున్నాయి. ఎలిజబెత్ రాణి కాలం వచ్చేసరికి ఇంగ్లిష్ న్యాయమూర్తులు, రాజుకు జబ్బుచేసి చచ్చే దేహం ఒకటి, చావులేని రాజకీయ దేహం ఒకటి అని తీర్పుల్లోనే చెప్పగలిగారు. చావులేని ఆ రెండో దేహం నుంచే ఇవాళ ప్రభుత్వం పేరిట నోటీసులు వస్తున్నాయి.

బిడ్డ పెరిగాక ఇల్లు ఎవరిదన్న తగాదా తప్పలేదు. ఫ్రాన్స్ రాజు 4వ ఫిలిప్ పూజారులమీద పన్ను వేస్తే పోప్ 8వ బోనిఫేస్ అడ్డుపడ్డాడు. ప్రతి మనిషీ పోప్‌కు లోబడి ఉండటం మోక్షానికి అవసరమని 1302లో ప్రకటించాడు. మరుసటి ఏడు ఫిలిప్ మనుషులు అనాన్యిలో పోప్‌ను నిర్బంధించారు, ఆయన కొద్ది వారాల్లోనే చనిపోయాడు. కనోసాకూ అనాన్యికీ మధ్య రెండు వందల ఇరవై ఆరేళ్లు. ఈలోగా తన రాజ్యంలో రాజే చక్రవర్తి అన్న సూత్రం న్యాయవాదుల నోట నానిపోయింది.

1517లో మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన సంస్కరణ ఉద్యమం రాజులకు అడగకుండా దొరికిన వరం. విశ్వాసం విషయంలో మనిషికీ దేవుడికీ మధ్య దళారి అక్కర్లేదని లూథర్ అన్నాడు. అప్పుడు చర్చి ఆస్తులు, కోర్టులు, బడులు ఎవరు చూడాలి? రాజే. ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ 1533లో రోమ్‌కు అప్పీళ్లు ఆపేసి, 1534లో చర్చికి తానే అధిపతిననిపించుకున్నాడు. జర్మనీలో 1555 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పందం ఏలినవాడి మతమే ఆ నేల మతమని ఒప్పుకుంది. ఎంపిక కాథలిక్, లూథరన్ మతాల మధ్యే. నచ్చనివాళ్లకు మిగిలింది ఇల్లూవాకిలీ అమ్ముకుని వలసపోయే హక్కు. కాథలిక్‌గానే నిలిచిన స్పెయిన్, ఫ్రాన్స్ రాజులు కూడా బిషప్‌ల నియామకాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నారు, కాబట్టి ఇది ప్రొటెస్టెంటుల పని మాత్రమే అనడానికి లేదు.

ఫ్రాన్స్‌లో 1562లో మొదలైన మతయుద్ధాలు 1598 దాకా సాగాయి. 1572 ఆగస్టులో పారిస్‌లో ప్రొటెస్టెంటుల ఊచకోత జరిగిన నాలుగేళ్లకు న్యాయవేత్త ఝాఁ బోదాఁ ‘గణరాజ్యంపై ఆరు గ్రంథాలు’ వెలువరించాడు. సార్వభౌమాధికారం నిరపేక్షమైనది, శాశ్వతమైనది, పంచుకోవడానికి వీలులేనిదని మొదటిసారి క్రమబద్ధంగా చెప్పింది ఆయనే. ఆ అధికారపు మొదటి గుర్తు, ఎవరి సమ్మతీ అక్కర్లేకుండా శాసనం చేయగలగడం. శాంతిపర్వంలోని రాజుకు లేనిది సరిగ్గా ఇదే. అయినా బోదాఁ రాజు దైవశాసనానికీ సహజన్యాయానికీ లోబడినవాడే. ప్రజల సమ్మతి లేకుండా కొత్త పన్ను వేయరాదని కూడా ఆయన నమ్మాడు. ఆయన్ని నిరంకుశత్వానికి ఆద్యుడనేవాళ్లు ఈ పేజీలు దాటేస్తుంటారు.

ఆ కళ్లెం కూడా విప్పింది ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్. అంతర్యుద్ధం ముంచుకొస్తున్న ఇంగ్లండ్‌ను వదిలి పారిస్‌లో తలదాచుకుని రాసిన ‘లెవయతన్’ 1651లో వచ్చింది. ప్రభుత్వం లేని స్థితిలో ప్రతివాడూ ప్రతివాడికీ శత్రువే కనుక, అందరూ తమ హక్కులను ఒకరికి అప్పగించి ప్రాణభద్రత కొనుక్కుంటారు. ఆ ఒక్కడే మర్త్యదేవుడు. ముఖచిత్రంలో చిన్నచిన్న మనుషులతో కూడిన మహాకాయుడు ఒక చేత కత్తి, మరో చేత బిషప్ దండం పట్టుకుని ఉంటాడు. తరగతి గదుల్లో పుస్తకంలో మొదటి సగమే చదివిస్తారు. రెండో సగమంతా బైబిల్ వ్యాఖ్యానం, క్రైస్తవ రాజ్యం, పోప్‌మీద దాడి. దేవుడి మాటకు అర్థం ఎవరు చెప్పాలన్న తగాదాలే రక్తపాతానికి మూలం కనుక ఆ అర్థం చెప్పే అధికారం కూడా సార్వభౌముడిదేనని హాబ్స్ తేల్చాడు. ఇది మతాన్నీ రాజ్యాన్నీ వేరుచేయడం కాదు, రాజ్యం మతాన్ని మింగడం.

మతోన్మాదులు కొట్టుకుచస్తుంటే తటస్థమైన రాజ్యం వచ్చి విడదీసిందన్న కథ ఇక్కడినుంచే ఊపందుకుంది. అమెరికన్ వేదాంతి విలియం కావనా దీన్ని తిరగేసి చూపాడు. 1527లో రోమ్‌ను కొల్లగొట్టిన సైన్యం కాథలిక్ చక్రవర్తి 5వ చార్లెస్‌ది. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో కాథలిక్ ఫ్రాన్స్ 1631 నుంచి ప్రొటెస్టెంట్ స్వీడన్‌కు డబ్బిచ్చింది, 1635లో కాథలిక్ స్పెయిన్‌మీదికి తానే దిగింది. ఆ విధానం నడిపించిన ఫ్రాన్స్ మంత్రి రిషల్యూ స్వయానా కార్డినల్. రాజ్యాలు బలపడుతున్న క్రమమే ఆ యుద్ధాలకు ఒక కారణమన్నది కావనా వాదన. మతానికి ఇందులో పాత్రే లేదనేదాకా లాగితే అది నిలబడదు. పారిస్ వీధుల్లో పొరుగువాళ్లను చంపినవాళ్లు రాజ్య నిర్మాణం కోసం చంపలేదు. కాని రాజ్యాన్ని శాంతిదూతగా చూపే కథకు ఆ వాదన మంచి విరుగుడు.

ముప్ఫై ఏళ్ల యుద్ధాన్ని ముగిస్తూ 1648 అక్టోబరు 24న కుదిరిన వెస్ట్‌ఫాలియా సంధి సార్వభౌమ రాజ్యాలకు జన్మదినమని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. సంధి పత్రాలు ఆ కీర్తిని మోయలేవు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం ఆ తరవాత 1806 దాకా బతికే ఉంది. పైగా మతం విషయంలో ఆ సంధి పాలకుల చేతులు కట్టేసింది. 1624లో ఏ ఊళ్లో ఏ ఆరాధన ఉంటే అది అలాగే ఉండాలి, ఏలినవాడు మతం మార్చుకున్నా జనాన్ని మార్చకూడదు. సంధిలోని మత నిబంధనలు చెల్లవని పోప్ 10వ ఇన్నోసెంట్ ప్రకటిస్తే ఎవరూ పట్టించుకోలేదు. వెస్ట్‌ఫాలియాలో నిజంగా కొత్తదేదైనా ఉంటే అది ఈ నిర్లక్ష్యమే.

డబ్బు వైపు కథ వేరేగా నడిచింది. ఫిరంగి వచ్చాక కోటగోడలు పనికిరాలేదు, కొత్త కోటలకు, జీతగాళ్ల సైన్యాలకు సామంతుల చెల్లింపులు చాలలేదు. ఫ్రాన్స్‌లో 1439 ప్రాంతంనుంచి ఏటేటా పన్ను, 1445 నుంచి రాజు సొంత సైనిక దళాలు స్థిరపడ్డాయి. యుద్ధం కోసం పన్ను, పన్ను కోసం అధికారులు, అధికారుల జీతాలకు మళ్లీ పన్ను. ఈ చక్రం తిప్పలేని సంస్థానాలు తిప్పగలిగినవాటిలో కలిసిపోయాయని టిల్లీ చూపాడు. ఇంగ్లండ్ దీన్ని ఇంకాస్త తెలివిగా నడిపింది. 1694లో ఫ్రాన్స్‌తో యుద్ధానికి 12 లక్షల పౌన్లు అప్పుకావలసి వచ్చి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది. రాజుకు అప్పివ్వడానికి వెనకాడే వర్తకుడు రాజ్యానికి ధైర్యంగా ఇచ్చాడు, రాజు చస్తాడు గాని రాజ్యం చావదు కాబట్టి.

పన్నుకూ సైన్యానికీ మనుషుల పేర్లు కావాలి. ఇక్కడ కూడా రాజ్యం చర్చి పుస్తకాన్నే తెరిచింది. 1538లో ఇంగ్లండ్‌లో, 1539లో ఫ్రాన్స్‌లో బాప్టిజం వివరాలు రిజిస్టరులో రాయాలని పారిష్ పూజారులను రాజాజ్ఞలు ఆదేశించాయి. ఫ్రెంచ్ విప్లవకాలంలో, 1792 సెప్టెంబరులో, జనన మరణ వివాహాల నమోదు పూజారి చేతినుంచి పురపాలక అధికారి చేతికి మారింది. దేవుడి ముందు మనిషి ఉనికికి సాక్ష్యంగా ఉన్న పుస్తకం అప్పటినుంచి రాజ్యం ముందు సాక్ష్యమైంది.

విధేయతకు కారణం ఒప్పందమని హాబ్స్ ఇచ్చిన జవాబును ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో మెత్తబరిచాడు. ప్రభుత్వం ఒప్పందం తప్పితే జనం తిరగబడవచ్చన్నాడు. కాని మత సహనం గురించి రాసిన లేఖలో నాస్తికులకు చోటివ్వలేదు. దేవుణ్ని నమ్మనివాడి ప్రమాణానికి విలువేమిటని ఆయన అనుమానం. అంటే ఒప్పందం నిలబడటానికి దైవభయం పూచీ కావలసి వచ్చింది. 1748లో స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఆ సిద్ధాంతం మూలాన్నే కదిపాడు. నిద్రలో ఉండగా ఓడెక్కించిన మనిషి, దూకితే సముద్రమే కనుక ఓడలో ఉండిపోతే, కెప్టెన్ పెత్తనానికి ఒప్పుకున్నట్టా? ఈ ప్రశ్నకు ఒప్పందవాదులు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేదు. రూసో 1762లో ‘సామాజిక ఒప్పందం’ చివర పౌరమతం ఒకటి ఉండాలని చేర్చడం, వట్టి ఒప్పందం చాలదని ఒప్పుకోవడమే. ఫ్రెంచ్ విప్లవం ఆ మాట నిజం చేసింది. 1789 నాటి హక్కుల ప్రకటన సార్వభౌమాధికారాన్ని జాతికి అప్పగించింది. 1794 జూన్‌లో విప్లవ నాయకుడు రొబెస్పియర్ పారిస్‌లో పరమాత్మ ఉత్సవం జరిపించాడు. రాజును తీసేశారు గాని రాజు కూర్చున్న పీఠం అలాగే ఉంది.

ఆధునిక రాజ్య సిద్ధాంతంలోని ముఖ్య భావనలన్నీ లౌకికరూపం దాల్చిన వేదాంత భావనలేనని జర్మన్ న్యాయవేత్త కార్ల్ ష్మిట్ 1922లో వాదించాడు. సర్వశక్తిమంతుడైన దేవుడు సర్వాధికార శాసనకర్తగా, అద్భుతం అత్యవసర పరిస్థితిగా మారాయన్నాడు. ఆయన 1933లో నాజీ పార్టీలో చేరాడన్నది మరచిపోకూడదు. ఆయన చూసిన పోలిక సరైనదే, దాన్నుంచి నియంతకు పట్టం కట్టనక్కర్లేదు. చర్చి నుంచి రాజ్యానికి వచ్చినవాటిలో నిరంకుశత్వం ఒక్కటే లేదు. రాజుకు పైన న్యాయముందని, పెత్తనానికి గీత ఉందని 1077లో నేర్పింది కూడా ఆ చర్చే.

తెలుగు నేలకు ఆధునిక రాజ్యం ఈ సుదీర్ఘ చరిత్రతో కాక తయారై వచ్చింది. 1800లో నిజాం దత్తం చేసిన మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, థామస్ మన్రో 1807 దాకా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్లో పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ శిస్తు నిర్ణయించాడు. గ్రామంతోనో పాలెగాడితోనో కాక, ఒక్కొక్క మనిషితో నేరుగా లెక్క పెట్టుకునే అధికారం అక్కడ అదే మొదటిసారి పాతుకుంది. మఠం మాన్యం విచారణకు వచ్చిన మన్రోకు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి దర్శనమిచ్చి మాట్లాడారని ఒక ఐతిహ్యం ఉంది. పన్ను వేసే రాజ్యం మఠం గుమ్మంలో చెప్పులు విడిచిందన్నది జనం ఆ కథలో చూసుకున్న తృప్తి కావచ్చు.

తిరుమలలో జరిగింది ఐతిహ్యం కాదు. 1801లో ఆర్కాటు ప్రాంతంతోపాటు ఆలయ ఆదాయమూ కంపెనీ పాలనలోకి వచ్చింది. 1821లో ఆలయ నిర్వహణకు బ్రూస్ కోడ్ పేరిట నిబంధనలు ఏర్పడ్డాయి. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన నిర్వహించడమేమిటని ఇంగ్లండ్‌లో మిషనరీలు గోల పెట్టడంతో 1843లో ఆ బాధ్యతను హాథీరాంజీ మఠానికి వదిలేశారు. 1933లో మద్రాసు శాసనం ప్రకారం దేవస్థానం కమిటీ వచ్చింది. 1987లో ఆంధ్రప్రదేశ్ చట్టం వంశపారంపర్య మిరాసీ హక్కులను రద్దుచేసింది. అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమని చెప్పి 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజలో ఏది మతం, ఏది లౌకికం అని గీత గీసే పని ఇప్పుడు కోర్టుది. 1122లో వార్మ్స్‌లో ఆ గీత గీసినప్పుడు బల్లకు రెండువైపులా ఇద్దరు కూర్చున్నారు. ఇక్కడ ఒక్కరే ఉన్నారు.

కొత్త రాజ్యాలు రాజ్యాంగం రాసుకునేటప్పుడు అధికారం ఎవరినుంచి వచ్చిందో మొదటి వాక్యంలోనే చెప్పుకోవలసి వస్తుంది. 1937 ఐర్లండ్ రాజ్యాంగం సర్వాధికారం పవిత్ర త్రిత్వానిదంటూ మొదలైంది. 1949 మార్చిలో పాకిస్తాన్ ఆమోదించిన లక్ష్యాల తీర్మానం సార్వభౌమత్వం అల్లాదేననీ, ప్రజల ద్వారా రాజ్యానికి దఖలు పడిందనీ చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 17న భారత రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్, ప్రవేశిక దేవుడి పేరిట మొదలుకావాలని సవరణ తెచ్చాడు. విశ్వాసం మనిషి సొంత విషయం, దాన్ని అందరి నోటా అనిపించడం స్వేచ్ఛకు విరుద్ధమని హృదయనాథ్ కుంజ్రూ వంటివారు అడ్డుచెప్పారు. సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ వద్దని నచ్చజెప్పినా కామత్ ఓటింగుకే పట్టుబట్టాడు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి. ప్రవేశిక ‘ప్రజలమైన మేము’ అంటూనే మొదలైంది. అదే రాజ్యాంగపు మూడో షెడ్యూలులో మంత్రులకు, శాసనసభ్యులకు, న్యాయమూర్తులకు రాసిపెట్టిన ప్రమాణంలో మాత్రం రెండు దారులూ ఉంచారు. దేవుడి సాక్షిగా చేయవచ్చు, దేవుడి పేరెత్తకుండా ధ్రువీకరించనూవచ్చు.